పాము మింగిన ఎలుక ఎన్నాళ్ళకు అరుగుతుంది?

అరిగేదాకా దాన్ని కదిలించకపోవడమే మేలు

పామును మన పెద్దలు ‘గాలిమేపరి’ అన్నారు. గాలి మేసి బతుకుతుందని అర్థం. పాము తింటుండగా చూసినవారు తక్కువ. బుట్టలోని పాము వారాల తరబడి ఏమీ తినకుండా వుండటం మాత్రం చాలామంది చూసిందే. అందువల్లనే ఆ పేరు వచ్చి వుండవచ్చు.

నిజానికి ఏ పామూ గాలి మేసి బతకదు. ఎలుకలు, కప్పలు, తొండలు, పక్షులు, గుడ్లు వాటి ఆహారం. అయితే ఒకసారి మింగినది అరగడానికి రోజులు పడుతుంది. మనం పొద్దున తిన్న అన్నం మధ్యాహ్నానికి కడుపు దిగిపోతుంది. జెర్రిపోతు మింగిన ఎలుక అరగడానికి ఎండాకాలంలోనే మూడు నుంచి అయిదు రోజులు కావాలి. మేకపిల్లను మింగిన కొండచిలువకు వారం నుంచి రెండు వారాలు, ఒక్కొక్కప్పుడు అంతకన్నా ఎక్కువే పడుతుంది.

ఈ కొద్ది రోజులూ పాముకూ గండమే, మనిషికీ గండమే. కడుపు నిండిన పాము దూరం పోదు. దగ్గరలో వున్న గడ్డివాములోనో, పిడకల గూటిలోనో, కట్టెల మోపు కిందనో దూరి, అరిగేదాకా పడుకుంటుంది. తెలియక అక్కడ చేయి పెట్టినవారు కాటుకు గురి అవుతున్నారు. కనిపించిన పాము కర్రల పాలవుతున్నది.

నమలదు, మింగుతుంది

పాము పళ్ళు నమలడానికి పనికిరావు. లోపలికి వంగి, పట్టిన ఎర జారిపోకుండా చూస్తాయి. కింది దవడ రెండు ముక్కలుగా వుండి, గడ్డం దగ్గర సాగే బంధంతో కలిసి వుంటుంది. అందుకే తన తలకన్నా లావైన ఎలుకను కూడా పాము మింగగలదు. బొచ్చుతో, ఎముకలతో ఎలుక మొత్తం కడుపులోకి పోతుంది. దాన్ని కరిగించే పనంతా కడుపే చేయాలి.

ఈ పని ఎలా జరుగుతుందో తెలుసుకోవడానికి అమెరికాలో శాస్త్రజ్ఞులు బర్మా కొండచిలువలను పరిశీలించారు. ఇవి మన కొండచిలువకు దగ్గరి చుట్టాలు. తిండి లేని రోజుల్లో వీటి కడుపులో ఆమ్లం దాదాపు వుండదు. పేగులు సన్నబడి వుంటాయి. ఎర లోపలికి పోయిన ఒక్క రోజులోనే కడుపులో గాఢమైన ఆమ్లం ఊరుతుంది, పేగుల బరువు రెట్టింపు అవుతుంది. పెద్ద ఎరను మింగినప్పుడు శరీరం చేసే పని 40 రెట్ల దాకా పెరుగుతుందని స్టీఫెన్ సెకార్, జారెడ్ డైమండ్ అనే శాస్త్రజ్ఞులు 1990లలో ప్రకటించారు. రెండు రోజుల్లో గుండె కండ కూడా 40 శాతం పెరుగుతుందని 2005లో మరికొందరు కనుగొన్నారు. తిన్నది అరిగాక ఇవన్నీ తిరిగి మామూలు స్థితికి వస్తాయి. పైకి చచ్చినట్టు పడివున్న పాము లోపల ఇంత పని జరుగుతుంటుంది.

మేకను మింగిన కొండచిలువ చెట్టుకు చుట్టుకుని ఎముకలు విరగ్గొట్టుకుంటుందని కొందరు నమ్ముతారు. అది నిజం కాదు. ఎముకలను కడుపులోని ఆమ్లమే కరిగిస్తుంది. వెంట్రుకలు, గోళ్ళు, ఈకలు మాత్రం కరగక మలంతో పోతాయి.

వెచ్చదనం వుంటేనే అరుగుదల

మనం తిన్న తిండిలో చాలా భాగం ఒంట్లో వేడిని నిలపడానికే ఖర్చవుతుంది. పాముకు ఆ ఖర్చు లేదు. అందుకే తక్కువ తిండితో ఎక్కువ కాలం బతుకుతుంది. పెద్ద ఎరను మింగిన కొండచిలువ నెలల తరబడి మరేమీ తినకుండా వుండగలదు. దీనికి మరోవైపు వుంది. పాము ఒంటికి వేడి బయటినుంచే రావాలి. అది లేకపోతే తిన్నది అరగదు. తిన్న పాము ఎండ పొడలో పడుకునేది ఇందుకే. చలి ఎక్కువైతే అరుగుదల బాగా మందగిస్తుంది. ఎర కడుపులోనే కుళ్ళిపోయి, పాము దాన్ని కక్కేయవచ్చు.

అమెరికాలోను, ఐరోపా దేశాలలోను కార్న్ స్నేక్, బాల్ పైథాన్ వంటి విషం లేని పాములను ఇళ్ళలో పెంచుకుంటారు. వారు పాటించే నియమాలు కూడా ఇవే. పిల్ల పాముకు వారానికి ఒకసారి, పెద్దదానికి పది రోజులకో రెండు వారాలకో ఒకసారి మేత పెడతారు. పెట్టెలో ఒక పక్క వెచ్చగా వుంచుతారు. మేత పెట్టాక కనీసం 48 గంటలు పామును చేతితో ముట్టుకోరు. ముట్టుకుంటే బెదిరి, మింగినది కక్కేస్తుంది.

పాలు దాని ఆహారం కాదు

మన దేశంలో పాములను పట్టడం, పెంచడం, చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి విరుద్ధం. అయినా పాములవాళ్ళ బుట్టలు అక్కడక్కడా కనబడుతూనే వున్నాయి. కోరలు పీకిన పాముకు నోట్లో పుండు పడుతుంది. అది ఎరను పట్టలేదు, మింగలేదు. పండుగనాడు అది పాలు తాగడం చూసి భక్తులు సంతోషిస్తారు. రోజుల తరబడి నీళ్ళు లేక ఎండిన గొంతుతో అది ఏ ద్రవాన్నైనా తాగుతుంది. కాని పాలను అరిగించుకునే శక్తి పాము కడుపుకు లేదు. అలా తాగిన పాములు జబ్బుపడి చస్తాయి. భక్తి చూపాలనుకునేవారు బుట్టలోని పాముకు పాలు పట్టకపోవడమే పుణ్యం.

గుంపులు గూడవద్దు

కొండచిలువ మేకను మింగి పడివుందని తెలిస్తే ఊరు ఊరంతా అక్కడికి చేరుతుంది. బరువైన కడుపుతో పాము పారిపోలేదు. తప్పించుకోవడానికి మింగినదాన్ని కక్కేస్తుంది. మేక ఎలాగూ తిరిగి రాదు. పాము పడిన శ్రమ వృథా అవుతుంది, చాలాసార్లు ప్రాణం కూడా పోతుంది. ఇటువంటప్పుడు జనాన్ని దూరంగా వుంచి అటవీశాఖ వారికి కబురు చేయడం మంచిది.

జెర్రిపోతు సంగతి రైతులు ప్రత్యేకంగా గమనించాలి. దానికి విషం లేదు. ఎలుక బొక్కలోకి దూరి పిల్లలతో సహా మింగగల జీవి అది. గట్టుమీద పొట్ట ఉబ్బి కనబడిన జెర్రిపోతు ఆ చేనులోని ఎలుకలనే తిని వుంటుంది. నాలుగైదు రోజులు ఓపిక పడితే మళ్ళీ వేటకు బయలుదేరుతుంది.

తిన్న పాము కరవదనుకోవడం మాత్రం పొరపాటు. కడుపు నిండిన తాచు, కట్లపాము, రక్తపింజర కూడా తొక్కినా ముట్టుకున్నా కాటు వేస్తాయి. వాటి విషం ఆ ఎలుకతోనే అయిపోదు. గడ్డి పీకేటప్పుడు, పిడకలు తీసేటప్పుడు ముందు కర్రతో తట్టి చూడాలి. రాత్రిపూట దీపం లేకుండా పోరాదు. ఒకవేళ కాటు పడితే గాయాన్ని కోయడం, గట్టిగా కట్టు కట్టడం, మంత్రాల కోసం తిరగడం మాని, కరిచిన కాలో చేయో కదలకుండా వుంచి వెంటనే ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోవాలి. విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఒక్కటే, అది ఎంత త్వరగా పడితే ప్రాణానికి అంత భరోసా.