వెంట్రుకవాసి పొట్టి

మా ఇంటి స్టోర్‌రూములో బియ్యం బస్తాల పక్కన ఒక లేత్ మిషను ఉంది. వచ్చిన చుట్టాలు గుడ్డ కప్పి ఉండటం చూసి కుట్టు మిషను అనుకుంటారు. గుడ్డ తీసి చూపిస్తే, "కంప్యూటర్ల ఉద్యోగం చేసుకునేవాడికి ఇదెందుకండీ?" అని అడుగుతారు. మా ఆవిడ కూడా అదే అడుగుతూ ఉంటుంది, కాకపోతే వాళ్లంత మర్యాదగా కాదు.

మేముండేది అబూధాబి శివార్లలోని మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో, ఒక విల్లాలో వెనక భాగం. పక్కనే ముసఫా పారిశ్రామికవాడ. అక్కడి వర్క్‌షాపుల్లో కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన మనవాళ్లు చాలామంది కనిపిస్తారు. నాకు తుక్కులో మిగిలిన రాడ్లు ఇచ్చేది అలాంటి ఒక టర్నరే. జగిత్యాల దగ్గర పల్లె, నాకంటే పదేళ్లు పెద్ద. మొదట్లో సార్ అనేవాడు, ఇప్పుడు తమ్మీ అంటాడు.

లేత్ చూడనివాళ్ల కోసం ఒక మాట. ఏటికొప్పాక బొమ్మలు చూసే ఉంటారు. కర్ర గిరగిరా తిరుగుతుంటే ఉలి ఆనించి గుండ్రంగా చెక్కుతారు. దాన్ని మనవాళ్లు తరిమెన పట్టడం అన్నారు. ఇదీ అంతే, కర్ర బదులు లోహం, చేత్తో పట్టిన ఉలి బదులు మరలతో జరిగే టూలు. నా మిషను చిన్నది. 350 మి.మీ. కంటే పొడవున్నది పట్టదు. ఇద్దరం పట్టుకుంటే మోసేయవచ్చు. ఇంజనీరింగ్ మొదటి ఏడాది వర్క్‌షాపులో లేత్ మీద పనిచేశాను గానీ, ఆ రికార్డు పుస్తకం పక్కవాడిది చూసి రాశానని ఇప్పుడు ఒప్పుకుంటే నష్టం లేదు.

కొత్తవాళ్లు మొదట పడే గుంట ఒకటుంది. టూలుని 1 మి.మీ. లోపలికి జరిపితే ముక్క వ్యాసం 2 మి.మీ. తగ్గుతుంది, తిరుగుతున్న ముక్కకి రెండువైపులా కోత పడుతుంది కాబట్టి. నేను ఆ గుంటలో నాలుగుసార్లు పడ్డాను. మా ప్రోగ్రాముల్లో తప్పు చేస్తే వెనక్కి వెళ్లొచ్చు. రాలిపోయిన లోహాన్ని మళ్లీ అతికించలేం.

ఇక అసలు సంగతి. తెనాలిలో మా నాన్నగారికి యమహా ఆర్‌ఎక్స్ 100 ఉంది. డెబ్బై దాటినా దాని మీదే కూరగాయలకి వెళతారు. ఆ బండ్ల తయారీ 1996లోనే ఆగిపోయింది. ముందు చక్రంలో ఒక గొట్టం తుప్పు పట్టిందని మెకానిక్కు చెబితే, "మా అబ్బాయికి మిషనుంది, చేసి తెస్తాడు" అన్నారట. పాత గొట్టాన్ని సూట్‌కేసులో పెట్టుకుని ఇక్కడికి తెచ్చాను. చూడ్డానికి అది వేలెడు ముక్క.

అది చేసే పని చెప్పాలి. చక్రం మధ్యలో హబ్బుకి అటొకటి ఇటొకటి బేరింగులుంటాయి. వాటిలోంచి ఇరుసు దూరి వెళుతుంది. రెండు బేరింగుల మధ్య, ఇరుసుకి తొడిగినట్టు ఈ గొట్టం ఉంటుంది. మెకానిక్కులు స్పేసర్ అంటారు. ఇరుసు నట్టు బిగించినప్పుడు ఆ బిగువు బేరింగుల లోపలి రింగుల మీదుగా వచ్చి ఈ గొట్టం మీద ఆగాలి. గొట్టం పొట్టిదైతే లోపలి రింగులు రెండూ ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి. బయటి రింగులు హబ్బులో కదలవు. మధ్యలో గోళీలు నలుగుతాయి. బేరింగు వేడెక్కుతుంది, అరుగుతుంది, ఏదో ఒకరోజు పట్టేస్తుంది. అదీ ముందు చక్రంలో, డెబ్బై దాటిన మనిషి బండి మీదుండగా.

జులైలో చేశాను. స్టోర్‌రూములో ఏసీ లేదు. తళతళలాడుతుందని ఉక్కు మానేసి అల్యూమినియం ఎంచుకున్నాను. కొలిస్తే పాతదానితో సరిగ్గా సరిపోయింది. ముక్క చేతికి చురుక్కుమంది గానీ పట్టించుకోలేదు.

ఆగస్టులో తెనాలి వెళ్లి నా చేత్తోనే బిగించాను. నట్టు వదులుగా ఉన్నంతసేపూ చక్రం హాయిగా తిరిగింది. పూర్తిగా బిగించగానే బరువెక్కింది. నాన్నగారు అప్పటికే సంచీ పట్టుకుని నిలబడ్డారు.

"ఏరా, అయిందా? బజారుకెళ్లొస్తా."

"వద్దు నాన్నగారూ. ఇది ఎక్కొద్దు."

ఆయన చక్రాన్ని చేత్తో ఒకసారి తిప్పి చూసి, ఏమీ అనకుండా నడిచి వెళ్లారు. మర్నాడే నా విమానం. పోయే ముందు, విజయవాడ ఆటోనగర్‌లో చేయించమన్నాను. "నువ్వు చేసిందే వేస్తా" అన్నారు. అది మెచ్చుకోలో మొండితనమో తెలియలేదు.

ఆ గొట్టాన్ని ముసఫా అన్నకి చూపించాను. మైక్రోమీటరు కూడా తీయకుండానే అడిగాడు.

"మిషన్ మీదనే కొలిచినవా తమ్మీ, ఏడిగున్నప్పుడే? సల్లారనియ్యాలె గదా. ఇగ పాతదాన్ని జూసి చేస్తివి. పాతది అరిగింది. నువ్వు అరుగును గూడ కొలిచినవ్."

రెండూ నిజమే. 100 మి.మీ. అల్యూమినియం ముక్క 40 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.09 మి.మీ. పెరుగుతుంది, అంటే ఒక వెంట్రుక మందం. ఉక్కయితే అందులో సగం. అందుకే 1931లోనే, పొడవు కొలతలన్నీ 20 డిగ్రీల దగ్గర చెప్పాలని అంతర్జాతీయంగా ఒప్పుకున్నారు. మా స్టోర్‌రూముకి జులైలో 20 డిగ్రీలంటే పోయిన జన్మ సంగతి. నా గొట్టం 100 మి.మీ. కంటే పొట్టిదే, కాబట్టి వేడి వల్ల వచ్చిన తప్పు కొంచెమే. పెద్ద తప్పు అరుగుది. నేను కొలవాల్సింది పాత గొట్టాన్ని కాదు, హబ్బులో బేరింగులు కూర్చునే రెండు అంచుల మధ్య దూరాన్ని. గొట్టం దానికంటే వెంట్రుకవాసి పొడవుండాలి.

హబ్బు తెనాలిలో ఉంది, నేనిక్కడున్నాను. నాన్నగారి మెకానిక్కుకి డెప్త్ గేజ్ కొనిపించి, వీడియో కాల్‌లో మూడుసార్లు కొలిపించాను. మూడూ ఒకటే వచ్చేదాకా వదల్లేదు. ఈసారి ఉక్కు. రాత్రంతా ఏసీ గదిలో, మా ఆవిడ గోరింటాకు డబ్బా పక్కన పెట్టి, తెల్లారాక కొలిచి, చివరి పిసరు తీసి, మళ్లీ చల్లార్చి కొలిచాను. విజయవాడ వెళుతున్న మిత్రుడి చేత పంపాను. అప్పటికి మూడు నెలలు బండి వసారాలోనే ఉంది. నట్టు పూర్తిగా బిగించాక చక్రం వేలితో తిరుగుతోందని మెకానిక్కు ఫోన్లో చూపించాడు. అయినా మొదటి పదిహేను కిలోమీటర్లూ అతన్నే నడపమని, ఆగి హబ్బు మీద చెయ్యి పెట్టి చూడమని అడిగాను. వేడెక్కలేదు.

అద్దాల కాడలకి అడాప్టర్లు, హ్యాండిల్ చివర బరువులు, ఫుట్‌రెస్టు బుష్షులు సరదాగా చేస్తాను. ఇరుసులు, బ్రేకు భాగాలు ఎవరడిగినా చెయ్యను. అవి ఎంత బరువు మోయాలో, ఏ ఉక్కు వాడి ఎలా గట్టిపరచాలో తేల్చే సాధనాలు నా దగ్గర లేవు. పిల్లలు చూడ్డానికి వస్తే కళ్లద్దాలు పెట్టి, జడలూ చున్నీలూ కట్టించాకే మిషను వేస్తాను. చేతి తొడుగులు మాత్రం వద్దంటాను. తొడుగు చిక్కితే చెయ్యి కూడా దాంతోపాటే పోతుంది.

మొన్న నాన్నగారు సైడు స్టాండుకి బుష్ కావాలన్నారు. పాత బుష్‌తో పాటు దాని బోల్టు, స్టాండు కూడా విప్పి పంపమన్నాను.