మూసీ తీర ఉద్యానవనాలు

మూసీ తీర ఉద్యానవనాలు, 1908 వరదల తరువాత జరిగిన నగర పునర్నిర్మాణంలో భాగంగా హైదరాబాదులో మూసీ నదికి ఇరుగట్లపై ఏర్పడిన తోటలు. వీటిని కేవలం విహార స్థలాలుగా భావించుట సరికాదు. వరద వచ్చినపుడు నదికి కావలసిన చోటును ఖాళీగా ఉంచడం, ఆ చోట మరల ఇళ్ళు లేవకుండా చూడడం ఈ ప్రణాళికలో ముఖ్యమైన అంశం. ఆ తోటలలో నేడు మిగిలినవి తక్కువ.

నేపథ్యం

మూసీ నది అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు మధ్యగా ప్రవహించి, వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. లంగర్‌హౌజ్ సమీపాన బాపూఘాట్ వద్ద ఈసీ నది దీనితో కలుస్తుంది. నగరానికి ఎగువన ఉన్న పరీవాహక ప్రాంతంలో ఆనాడు 788 చెరువులు ఉండేవి. ఇవి చాలావరకు గొలుసుకట్టు చెరువులు, అనగా ఒకదాని అలుగు నీరు దిగువనున్న చెరువును చేరేది. 1908 సెప్టెంబరు చివరి వారంలో కురిసిన కుండపోత వర్షాలకు వీటిలో 221 చెరువులు తెగిపోయాయి. ఎగువ చెరువు తెగిన నీరు దిగువ చెరువును కూడా తెంపుకొని వచ్చుటచే, సెప్టెంబరు 28న నది కొద్ది గంటలలోనే నగరాన్ని ముంచెత్తింది.

అఫ్జల్, ముస్లింజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు తెగిపోగా, రెండు గట్ల మధ్య రాకపోకలకు పురానాపూల్ ఒక్కటే మిగిలింది. మృతులు సుమారు 15,000 మంది అని అంచనా. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని ప్రసిద్ధి. మరణించినవారిలో అధికులు నది అంచున ఇరుకు బస్తీలలో నివసించినవారే.

ప్రణాళిక

ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ఆహ్వానించింది. ఆయన చేసిన సూచనలు రెండు విధాలైనవి. మొదటిది, వరదను నగరానికి ఎగువనే ఆపే జలాశయాలు. ఇందుకు మూసీపై గండిపేట వద్ద ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. రెండవది, నగరంలో నది గట్లను ఎత్తు చేసి, తీరభూమిని రహదారులుగా, తోటలుగా మార్చడం. మురుగునీటి పారుదల పథకం కూడా ఆయన సూచించినదే.

ఏడవ నిజాము కాలంలో 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ (సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు) నగరంలో పునర్నిర్మాణ పనులను చేపట్టింది. ఇరుకు బస్తీలను తొలగించుట, వీధులను వెడల్పు చేయుట, పేదలకు చిన్న ఇళ్ళు కట్టించుట దీని పనులు. పత్తర్‌గట్టి అంగళ్ళు, మొజంజాహీ మార్కెటు ఈ సంస్థ కాలం నాటివే. నదికి ఒక గట్టున 1920లో ప్రారంభమైన హైకోర్టు భవనం, సిటీ కళాశాల, రెండవ గట్టున ఉస్మానియా ఆసుపత్రి, కేంద్ర గ్రంథాలయం వెలిశాయి. వీటి నడుమ నదీతీరాన తోటలు పెరిగాయి. వంతెనపై నిలిచి చూచినచో ఆ కూర్పు నేటికీ కొంత తెలియును.

తరువాతి పరిణామాలు

విచిత్రమేమనగా, తోటల క్షీణతకు జలాశయాల సాఫల్యమే ఒక కారణమైనది. నీరు ఎగువన నిలిచిపోవుటచే నది సంవత్సరంలో ఎక్కువ కాలం సన్నని పాయగా మారింది. నగరం పెరిగినకొలది మురుగునీరే ప్రవాహమైనది. వరద భయం ఒక తరంలో మరుగున పడింది. ఖాళీగా ఉండుటకే ఉద్దేశింపబడిన భూమి, పనికిరాక పడి ఉన్న భూమిగా కనిపించసాగింది.

దానిని ఆక్రమించినవారు పేదలు మాత్రమే కారు. నది పాయల నడుమ, ఒకప్పటి చింతతోపు పేరును నేటికీ నిలుపుకొన్న ఇమ్లీబన్‌లో, 1994లో మహాత్మాగాంధీ బస్సు స్టేషను ప్రారంభమైనది. పేదల గుడిసెలను అక్రమమన్నవారికి ఈ కట్టడం అభివృద్ధిగా తోచుట గమనార్హం. 1990ల చివర ప్రభుత్వం నందనవనం అను పథకంతో నదిలోని బస్తీలను తొలగించబూనగా, నివాసుల నుండి, పర్యావరణవాదుల నుండి వ్యతిరేకత వచ్చింది. తరలించబడిన కుటుంబాలకు కర్మన్‌ఘాట్ వైపున ఏర్పడిన కాలనీకి కూడా నందనవనమనే పేరు వచ్చింది.

జంట జలాశయాల పరిరక్షణకై 1996లో వెలువడిన 111వ ప్రభుత్వ ఉత్తర్వు, 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలలో నిర్మాణాలను నియంత్రించింది. 2022లో దీనిని సడలించారు. మూసీ తీరాభివృద్ధికి 2017లో ప్రత్యేక సంస్థ ఏర్పడింది. 2024లో నదీగర్భంలోని ఇళ్ళకు గుర్తులు వేసి, కొందరిని రెండు పడక గదుల ఇళ్ళకు తరలించి, వారి పాత ఇళ్ళను కూల్చివేశారు. ఉపాధికి, పిల్లల బడులకు దూరమవుతామని పలువురు నివాసులు దీనిని ఎదిరించారు.

2025 సెప్టెంబరు చివరి వారంలో జంట జలాశయాల గేట్లు ఎత్తగా మూసీ పొంగి, ఇమ్లీబన్ బస్సు స్టేషనులోనికి నీరు చేరింది. ప్రయాణికులను బయటకు తరలించి, బస్సులను నగరంలోని ఇతర ప్రాంతాల నుండి నడిపారు.