కరగిపోవు శిల్పములు

కంకిపాడు మీదుగా సాగు బందరు రోడ్డుపై చేపల లారీ ఒకటి ఆగినచో, దాని అడుగునుండి చల్లని నీరు బొట్లుబొట్లుగా కారుచుండును. ఉదయమున ఐసు ఫ్యాక్టరీనుండి నిండు దిమ్మగా బయలుదేరినది, గోనెపట్టాలు కప్పి ఎంత ఊక పోసినను, మిట్టమధ్యాహ్నమునకు సగమై మిగులును. పేరులోనే కంకిని ధరించిన ఈ ఊరివారికి ఐసుతో గల బాంధవ్యమంతయు ఇదియే: చేప చెడకుండవలెను, పెండ్లిలో మజ్జిగ చల్లబడవలెను, బడి యొద్ద పిల్లవానికి రంగునీళ్ళ ఐసు పుల్ల దొరకవలెను. ఇచ్చట చలి యనగా ధనుర్మాసమున దుప్పటి కోరు చలి. ఎండ యనగా రోళ్ళు పగులు ఎండ. ఇట్టి చోట నిలిచి, ఐసుతో కోటలును బురుజులును కట్టి, ప్రతిమలు చెక్కి పోటీలు జరుపు పట్టణమొకటి కలదనినచో నమ్ముట కష్టమే.

నమ్ముటకు భాషయు అంతగా తోడ్పడదు. తెల్లవారుజామున వరిచేలపై కమ్ము తెరయు మంచే. హిమాలయముపై రాలు తెల్లని పొడియు మంచే. రాతివలె గట్టిపడిన నీరును మంచే. అవసరము లేనిదే మాట పుట్టదు గదా! హర్బిన్‌వారికి ఈ మూడును మూడు వేర్వేరు వస్తువులు.

హర్బిన్ చైనా దేశపు ఈశాన్యమూలన, హెయ్‌లోంగ్‌జియాంగ్ రాష్ట్రమునకు ముఖ్యపట్టణము. సోంగ్‌హువా నది దాని ప్రక్కగా ప్రవహించును. ప్రవహించును అనుట వేసవి మాట. జనవరిలో సున్నకు దిగువ 20 డిగ్రీల చలి అచ్చట సామాన్యము, 30 డిగ్రీలకు దిగుటయు వింత కాదు. పూర్వము ఆ ప్రాంతపు జాలరులు రాత్రివేళ వెలుగునకై ఒక ఉపాయము చేసెడివారని చెప్పుదురు. బొక్కెనలో నీరు పోసి ఆరుబయట ఉంచెడివారు. అంచులు ముందు గడ్డకట్టును. నడిమి నీరు ఇంకను నీరుగానే యుండును. దానిని పారబోసినచో గడ్డ ఒక పాత్రవలె మిగులును. అందు దీపము పెట్టినచో ఎంత గాలికిని ఆరదు. కార్తికమాసమున అరటిదొప్పలో దీపము వెలిగించి కాలువలో విడుచు కృష్ణాతీరపు స్త్రీలకు ఈ ఉపాయమును వివరించి చెప్పనక్కరలేదు.

ఆ జాలరి దీపమే 1963లో పట్టణమునకు వచ్చి, జావోలిన్ పార్కులో ఐసు దీపముల ప్రదర్శనమైనది. సాంస్కృతిక విప్లవపు రోజులలో అది ఆగిపోయినది. 1979లో మరల వెలిగినది. 1985లో జనవరి 5వ తేదీన దానిని పట్టణమంతటి ఉత్సవముగా ఆరంభించిరి. ఆ ఋతువుననే పలు దేశముల శిల్పులు జట్లుజట్లుగా వచ్చి ఐసుపై తమ ఉలులను పరీక్షించుకొందురు.

ఈ పని చూచుటకు సులభముగా తోచును. నిజమునకు రాతికంటె ఐసు పెంకిది. చలి మితిమీరినచో పెళుసెక్కి, ఉలి తాకగనే పెచ్చులూడును. ఎండ కాసినచో పైపొర మెత్తబడి, చెక్కిన గీత చెదరును. అందుచేత శిల్పి సూర్యునికి అడ్డముగా గుడ్డలు కట్టుకొనును. దిమ్మకు దిమ్మను అతుకుటకు సున్నము లేదు, సిమెంటు లేదు. రెండు ముఖములను నునుపు చేసి నడుమ నీరు పోసినచో, ఆ నీరే గడ్డకట్టి రెంటిని ఒకటి చేయును. కొంగ మెడవంటి సన్నని భాగమును చివరకు మిగుల్చుకొందురు. అది విరిగినచో దినముల కష్టము ఒక్క క్షణమున నేలపాలు.

దిమ్మ మంచిదైననే శిల్పము మంచిదగును. విజయవాడ ఐసు ఫ్యాక్టరీలో దిమ్మ నడుమ తెల్లని చార ఒకటి కనబడుట పలువురు గమనించియే యుందురు. ఉప్పునీటి తొట్టిలో దింపిన డబ్బాయందు నీరు అన్ని ప్రక్కలనుండి లోనికి గడ్డకట్టును. నీటిలోని గాలియు, లవణములును పారిపోవ దారిలేక నడుమ చిక్కును. నది అట్లు కాదు. పైనుండి క్రిందికి నెమ్మదిగా గడ్డకట్టుచు, గాలిని అడుగునకు నెట్టివేయును. అందుచేత సోంగ్‌హువా దిమ్మ అద్దమువలె ఉండును.

ఆ దిమ్మలను కోయువారి మాట పత్రికలలో తక్కువగా వినబడును. డిసెంబరులో, ఇంకను తెల్లవారకముందే, వారు గడ్డకట్టిన నదిమీదికి దిగుదురు. యంత్రపు రంపములతో గీతలు కోసి, ఇనుప గునపములతో దిమ్మలను విడదీసి, కొక్కెములతో నీటినుండి బయటికి లాగుదురు. కాలు జారినచో క్రింద నది యున్నది. 2023-24 శీతకాలమున అచ్చటి ఐసు నగరమునకు ఐసును, హిమమును కలిపి సుమారు 2 లక్షల 50 వేల ఘనపు మీటర్లు పట్టినది. ఇటీవల ముందుటేటి దిమ్మలను దుప్పట్లు కప్పి వేసవి దాటించి, పని త్వరగా ఆరంభించుచున్నారు. లారీలో ఊక పోయు మన చేపలవాని యుక్తియే అది, కొలత వేరు. ఈ కూలీలలో పెక్కురు చుట్టుప్రక్కల రైతులు, శీతకాలమున పనులాగిపోయిన తాపీపనివారు. బహుమతి పుచ్చుకొన్న శిల్పికి ఛాయాచిత్రమైనను మిగులును. వీరికి మిగులునది ఆ నెల కూలి.

విజయవాడలో చవితికి మట్టి వినాయకుని చేయువానికి తన ప్రతిమ ఏనాడు నీట కలియునో ముందే తెలియును. హర్బిన్ శిల్పికి తేదీ తెలియదు. ఫిబ్రవరి చివర ఒకనాటి మధ్యాహ్నము గోడలకు చెమ్మ పట్టును. ప్రతిమల ముక్కులు, వ్రేళ్ళు ముందుగా మొద్దుబారును. మీద పడునను భయముచే ద్వారములు మూయుదురు. ఏప్రిల్‌లో నదియు విడివడును. హెయ్‌లోంగ్‌జియాంగ్ చైనాలో వరికి పేరెన్నికగన్న రాష్ట్రము. చలికి తాళుటకు అచ్చట ప్లాస్టికు పందిళ్ళక్రింద నారు పోయుదురు. డిసెంబరులో నదిని కోసిన రైతులు ఆ వేళకు నారుమడులలో నుందురు.