ఎక్కీ ఎక్కగానే... దిగిపోవడమే!

విమానం ఎక్కాం. బెల్టు పెట్టుకున్నాం. కిటికీలోంచి కిందికి చూశాం... అంతే, విమానం దిగిపోయింది! వేడి టీ ఇస్తే సగం కూడా తాగలేం. స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఉన్న ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి వెళ్లే విమానం కథ ఇది. షెడ్యూలు ప్రకారం నడిచే సర్వీసుల్లో ప్రపంచంలోకెల్లా అతి చిన్న ప్రయాణం ఇదే.

రెండు దీవుల మధ్య దూరం 2.7 కిలోమీటర్లు. రాజమండ్రిలో గోదావరి మీదున్న ఆర్చి వంతెన పొడవూ దాదాపు అంతే. టైంటేబుల్లో ప్రయాణ సమయం రెండు నిమిషాలని ఉంటుంది. గాలి అనుకూలిస్తే అంతకూడా పట్టదు. ఓసారి పైలట్ స్టువార్ట్ లింక్‌లేటర్ 53 సెకన్లలోనే అవతలి దీవిలో దించేశాడు. అదే రికార్డు!

సాధారణంగా విమానంలో వెళ్లేటప్పుడు దూరానికీ సమయానికీ పొంతన కుదరదు. హైదరాబాద్ నుంచి విజయవాడకు గాల్లో దాదాపు 260 కిలోమీటర్లే. అయినా టికెట్ మీద గంట అని ఉంటుంది. ఎందుకంటే, విమానం నిలిపిన చోటు నుంచి కదిలింది మొదలు అవతల ఆగేదాకా లెక్కేస్తారు. రన్‌వే దాకా వెళ్లాలి, వంతు కోసం ఆగాలి, పైకెక్కాలి, మళ్లీ మెల్లగా దిగాలి. ఆర్క్‌నీలో ఆ హడావుడేమీ ఉండదు. రెక్కలకు రెండు ఇంజిన్లుండే బ్రిటన్-నార్మన్ ఐలాండర్ అనే బుల్లి విమానం అది. ఎనిమిది మంది పడతారు. కో-పైలట్ ఉండడు కాబట్టి ఆ పక్కసీటు కూడా ప్రయాణికుడిదే!

ఇదంతా సరదా కోసం అనుకుంటే పొరపాటే. పాపా వెస్ట్రేలో ఉండేది వంద మందికి లోపే. అంత కొద్దిమంది కోసం సముద్రం మీద వంతెన కట్టడమంటే అయ్యే పనేనా? పడవ ఉంది కానీ, అక్కడి గాలులకూ అలలకూ అది ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేం. అందుకే 1967లో లోగన్ఎయిర్ ఈ సర్వీసు మొదలుపెట్టింది. ముఖ్యపట్టణమైన కిర్క్‌వాల్‌తో కూడా ఈ దీవుల్ని కలిపేది ఆ చిన్న విమానమే. పాఠం చెప్పే టీచరూ, నాడి చూసే డాక్టరూ, పైచదువులకెళ్లే పిల్లలూ అందులోనే ప్రయాణిస్తారు. టికెట్ల డబ్బుతోనే ఇలాంటి సర్వీసు నడవదు, ప్రభుత్వ సాయమూ కావాలి. బడీ వైద్యమూ అందకపోతే ఊళ్లో ఎవరుంటారు? జనం వెళ్లిపోతే దీవి ఖాళీ అయిపోదూ!

ఆ ఊరు అలా ఖాళీ కాకూడదనడానికి మరో కారణమూ ఉంది. పాపా వెస్ట్రేలోని 'నాప్ ఆఫ్ హోవర్' రాతి ఇళ్లు ఐదువేల ఏళ్ల కిందటివి. ఈజిప్టు పిరమిడ్ల కన్నా పాతవి. వాటిని చూడాలనీ, రికార్డు విమానం ఎక్కాలనీ పర్యటకులూ వస్తుంటారు. దిగాక, ఎక్కినట్టు ధ్రువపత్రం కూడా ఇస్తారు.

సందర్శకులకు అది గోడకు తగిలించుకునే జ్ఞాపకం. దీవివాసులకు మాత్రం... ఆ రెండు నిమిషాలే ఊరిని నిలబెడుతున్న ఊపిరి!