గుత్తయా, దినకూలియా: చిత్తూరు సీమలో చెట్టు కొట్టే పనికి వెలకట్టడం

తిరుపతి, చిత్తూరు జిల్లాల మెట్టభూముల్లో సర్కారుతుమ్మ తొలగింపు, నీలగిరి తోటల కోత రెండూ గొడ్డలిపనులే అయినా వాటి లక్ష్యాలు పరస్పర విరుద్ధాలు. తుమ్మను పైపైన నరికితే మళ్లీ చిగురిస్తుంది. కనుక వేరుమొద్దును పెకలించడమే అక్కడ అసలు శ్రమ. నీలగిరి మోడు మాత్రం చిగురించి తీరాలి. కోత వాలుగా, నునుపుగా, బెరడు చీలకుండా సాగాలి. తరువాత ఒకటి రెండు పిలకలను నిలిపి తక్కినవి తీసివేయాలి.

ఎకరాకు ఇంతని గుత్త మాట్లాడుకుంటే ఆలస్యపు నష్టం కూలీలది. దినకూలిలో అది రైతుది. గుత్త వేగానికి ప్రతిఫలమిస్తుంది. పెకలించిన తుమ్మమొద్దులను అక్కడికక్కడే లెక్కించవచ్చు. మోడు చెడిన సంగతి పిలక రానప్పుడు గాని తెలియదు, అప్పటికి గుత్తసొమ్ము చెల్లిపోయి ఉంటుంది. అందువల్ల నీలగిరి కోతకు దినకూలియే తగినదని నా అభిప్రాయం.

2005 నాటి ఉపాధి హామీ చట్టం తొలి రూపంలో, ఏడు గంటలు పనిచేసినవారికి సాధారణంగా నిర్ణీత వేతనం దక్కేలా పనిరేట్లు ఉండాలన్నది. తుమ్మ గుత్తకూ ఇదే కొలమానం కావాలి: ముందుగా ఒక సెంటు నేలలో పని చేయించి, పట్టిన గంటలను బట్టి ఎకరా ధర కట్టాలి. ముళ్ల దట్టం, రాతినేల ఆ గంటల్లోనే లెక్కకు వస్తాయి. కట్టె ఎవరిదో కూడా అప్పుడే తేల్చుకోవాలి. బొగ్గుకు పనికివచ్చే తుమ్మకట్టె కూలీలకే దక్కితే గుత్త ఆ మేరకు తగ్గుతుంది.