మీకు తెలుసా? బడిలో పాఠం చెప్పని ‘విద్య’ చదువులు

ఎడ్యుకేషన్ చదువుతున్నానని ఎవరైనా అంటే మన ఇళ్లలో వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: “డీఎస్సీ ఎప్పుడు పడుతుందట?” బీఈడీ, టెట్, డీఎస్సీ అనే దారి ఒక్కటే అందరికీ తెలుసు కాబట్టి ఆ ప్రశ్నలో తప్పేం లేదు. కానీ మనిషి ఎలా నేర్చుకుంటాడో క్షుణ్ణంగా చదివినవాళ్లకు తరగతి గది బయట కూడా బోలెడు పని ఉంది. మనం రాసే పరీక్షల్లో, చూసే టీవీలో, చేసే ఉద్యోగ శిక్షణలో వాళ్ల పనితనం కనిపిస్తూనే ఉంటుంది. అలాంటి సంగతులు కొన్ని చూద్దాం.

1. బీఈడీ వేరు, ఎంఏ ఎడ్యుకేషన్ వేరు

బీఈడీ ఉపాధ్యాయ వృత్తికి అర్హతనిచ్చే కోర్సు. దాన్ని నడపాలంటే కాలేజీకి జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి గుర్తింపు ఉండాలి. ఆ మండలికి చట్టబద్ధత ఇచ్చింది 1993 నాటి పార్లమెంటు చట్టం. ఎంఏ ఎడ్యుకేషన్ మాత్రం ఎకనామిక్స్, సోషియాలజీ లాంటి పీజీయే. విద్యా తత్వశాస్త్రం, పిల్లల ఎదుగుదల, పాఠ్యప్రణాళిక, ప్రభుత్వ విధానాలు, పరిశోధన పద్ధతులు ఇందులో పాఠ్యాంశాలు. 2010లో కర్ణాటక చట్టంతో ఏర్పడిన బెంగళూరులోని అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, దూరవిద్యలో ఇగ్నో ఈ కోర్సుకు పేరుపడ్డాయి. ఈ ఎంఏ ఒక్కటే చేతిలో ఉంటే డీఎస్సీ రాయడం కుదరదు.

2. విదేశాల్లోనూ ఇదే తేడా

ఇంగ్లండ్‌లో ‘ఎడ్యుకేషన్ స్టడీస్’ పేరుతో బీఏ చేయొచ్చు. అది పూర్తయినంత మాత్రాన ‘క్వాలిఫైడ్ టీచర్ స్టేటస్’ రాదు. దానికి మళ్లీ ఉపాధ్యాయ శిక్షణ పొందాల్సిందే. అమెరికాలో టీచరు లైసెన్సు ఇచ్చేది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. అందుకే అక్కడి చాలా కాలేజీలు ఎడ్యుకేషన్ డిగ్రీని లైసెన్సు వచ్చే దారి, రాని దారి అని రెండుగా నడుపుతాయి. అడ్మిషన్ కోసం చూసేవాళ్లు ముందు ఈ సంగతి తేల్చుకోవాలి.

3. ‘సెసమీ స్ట్రీట్’ సృష్టికర్త చదివింది ఎడ్యుకేషనే

జోన్ గాంజ్ కూనీ 1951లో అరిజోనా విశ్వవిద్యాలయం నుంచి ఎడ్యుకేషన్‌లో డిగ్రీ తీసుకున్నారు. తర్వాత వెళ్లింది పత్రికా రంగానికి, అక్కడి నుంచి టీవీకి. 1969 నవంబరు 10న మొదలైన పిల్లల టీవీ కార్యక్రమం ‘సెసమీ స్ట్రీట్’ రూపకర్తల్లో ఆమె ఒకరు. హార్వర్డ్ విద్యా విభాగంలో ఆచార్యుడైన జెరాల్డ్ లెసర్ దాని సలహా మండలికి అధ్యక్షుడు. ఎపిసోడ్ ఎక్కడ విసుగు పుట్టిస్తోందో పట్టుకోవడానికి పరిశోధకుడు ఎడ్వర్డ్ పామర్ ఓ ఉపాయం చేశాడు. టీవీ పక్కనే ఇంకో తెర పెట్టి, దానిమీద కొన్ని సెకన్లకోసారి బొమ్మ మార్చేవాడు. పిల్లల చూపు ఎప్పుడు అటు మళ్లిందో రాసుకునేవారు. మళ్లిన చోటల్లా కార్యక్రమాన్ని దిద్దుకునేవారు. మన దేశంలో ఇదే ‘గలీ గలీ సిమ్ సిమ్’గా 2006లో వచ్చింది.

4. ఒక వాచకం సారా దుకాణాలు మూయించింది

నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. రాత్రి కేంద్రాల్లో ఆడవాళ్లు చదివిన వాచకంలో సారా సమస్యను చర్చకు పెట్టిన సీతమ్మ కథ ఉంది. అక్షరాలు దిద్దుతూనే వాళ్లు తమ ఊరి సారా గురించి మాట్లాడుకున్నారు. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, తోటి మహిళలు కలిసి సారాను ఊళ్లోకి రానివ్వలేదు. 1992 నాటికి ఆ కదలిక జిల్లా అంతా పాకింది, సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాపై నిషేధం వచ్చింది. పెద్దవాళ్లకు పాఠం రాయడం ప్రత్యేక విద్య. యూజీసీ నెట్‌లో వయోజన విద్యకు వేరే సబ్జెక్టే ఉంది.

5. జీఆర్ఈ ప్రశ్న వెనక పెద్ద కథ

అమెరికా వెళ్లాలనుకునే తెలుగు పిల్లలకు బాగా తెలిసిన జీఆర్ఈ, టోఫెల్ పరీక్షలను తయారుచేసేది 1947లో పుట్టిన ఈటీఎస్ సంస్థ. ఇలాంటి పరీక్షల్లో ప్రశ్న రాయగానే పేపర్లోకి ఎక్కదు. ముందు కొందరిమీద ప్రయోగించి చూస్తారు. అది ఎంత కష్టంగా ఉంది, తెలిసినవాళ్లను తెలియనివాళ్ల నుంచి విడదీస్తోందా, ఏదైనా వర్గానికి అన్యాయం చేస్తోందా అని లెక్కలు కడతారు. ఇలా ప్రయోగించి చూడటానికే జీఆర్ఈలో చాలాకాలం మార్కులు లెక్కించని సెక్షన్ ఒకటి ఉండేది. 2023 సెప్టెంబరులో పరీక్షను కుదించినప్పుడు దాన్ని తీసేశారు. ఈ పని వెనకున్న శాస్త్రాన్ని విద్యా మాపనం అంటారు. గణితం మీద ఇష్టం ఉండి, పాఠం చెప్పడం మీద లేనివాళ్లకు సరిగ్గా సరిపోయే చోటు.

6. బ్లూమ్ వర్గీకరణ పుట్టింది పరీక్షల విభాగంలో

జ్ఞానం, అవగాహన, వినియోగం అంటూ డీఎస్సీ అభ్యర్థులు బట్టీ పట్టే బ్లూమ్ వర్గీకరణను తయారుచేసింది బడి పంతుళ్లు కాదు. బెంజమిన్ బ్లూమ్ షికాగో విశ్వవిద్యాలయంలో పరీక్షల పని చూసేవాడు. 1948లో బోస్టన్‌లో కలిసిన కాలేజీ పరీక్షాధికారులు, ప్రశ్నలను ఒకరితో ఒకరు పంచుకోవాలంటే అందరికీ ఒకే కొలమానం ఉండాలనుకున్నారు. ఆ ఆలోచన 1956లో పుస్తకమైంది. 2001లో దాన్ని సవరించి ‘సృష్టించడం’ అనే మెట్టును అన్నిటికన్నా పైన పెట్టారు. ఇప్పుడు కార్పొరేట్ శిక్షణలో కూడా లక్ష్యాలు రాసేది దీని ప్రకారమే.

7. కంపెనీ శిక్షణకూ ఓ శాస్త్రం ఉంది

ఐటీ కంపెనీల్లో ‘ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్’ అనే ఉద్యోగం ఉంటుంది. కొత్త ఉద్యోగికి ఏం రావాలి, అది ఏ వరసలో నేర్పాలి, వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి అని ఆలోచించడమే ఆ పని. వాళ్లు రోజూ వాడే ‘ఆడీ’ నమూనా 1975లో ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయం అమెరికా సైన్యం కోసం రూపొందించినది. శిక్షణ ఫలితాన్ని నాలుగు స్థాయుల్లో కొలవాలని డొనాల్డ్ కర్క్‌పాట్రిక్ 1959లో చెప్పాడు: నచ్చిందా, వచ్చిందా, పనిలో మార్పు కనబడిందా, సంస్థకు మేలు జరిగిందా. “ట్రైనింగ్ బాగుంది” అని చివర్లో నింపే ఫారం మొదటి స్థాయితోనే ఆగిపోతుంది.

8. యాభై ఏళ్ల కిందటే పల్లెకు ఉపగ్రహ పాఠం

1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు ‘సైట్’ అనే ఉపగ్రహ ప్రయోగం ద్వారా టీవీ పాఠాలు అందాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా ఉన్నాయి. ఉపగ్రహం నాసాది, కార్యక్రమాలు మనవి. పొద్దున పిల్లలకు, సాయంత్రం పెద్దలకు. విద్య కోసమే ఉద్దేశించిన మన సొంత ఉపగ్రహం ఎడ్యుశాట్ 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచే నింగికెగిరింది. తెలంగాణలో టీశాట్ విద్య, నిపుణ చానళ్లు నేడు ఆ పని చేస్తున్నాయి. తెరమీద కనిపించే అధ్యాపకుడి వెనక స్క్రిప్టు రాసేవాళ్లు, గ్రాఫిక్స్ ఆలోచించేవాళ్లు, చూసినవాళ్లకు అర్థమైందో లేదో పరిశీలించేవాళ్లు కావాలి.

9. మదనపల్లె దగ్గర పుట్టిన కార్డులు కర్ణాటకకు చేరాయి

ఒకే టీచరు, ఒకే గది, నాలుగైదు తరగతుల పిల్లలు. ఈ సమస్యకు రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం జవాబు వెతికింది. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, వాటిని ఒక ‘నిచ్చెన’ మీద వరసగా అమర్చింది. ఏ పిల్ల ఎక్కడుందో అక్కడి నుంచి తన వేగంతో ముందుకు పోతుంది. ఈ ‘స్కూల్ ఇన్ ఎ బాక్స్’ను చూసివచ్చిన మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట ఉపాధ్యాయులతో 1995లో ‘నలి-కలి’ మొదలై, తర్వాత కర్ణాటక ప్రభుత్వ బడులన్నిటికీ విస్తరించింది. బోధన సామగ్రి తయారీ కూడా విద్య చదివినవాళ్ల వృత్తే.

10. లెక్కల్లో బడి

దేశంలో ఏ బడిలో ఎందరు టీచర్లున్నారు, మరుగుదొడ్డి ఉందా, బడి మానేసినవాళ్లెందరు అనే వివరాలను ఒకచోట చేర్చే ‘డైస్’ విధానం 1990ల నడుమ ఢిల్లీలోని నీపా సంస్థలో రూపుదిద్దుకుంది. ఇప్పటి యూడైస్ ప్లస్ దాని వారసురాలే. నీపా 1962లో యునెస్కో ఆసియా కేంద్రంగా పుట్టింది, విద్యా ప్రణాళిక నేర్పడమే దాని పని. ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వే ఇంటింటికీ వెళ్లి పిల్లాడి చేత రెండో తరగతి పాఠం చదివించి చూస్తుంది. ఇలాంటి చోట్ల విద్యతో పాటు గణాంకాలు వచ్చినవాళ్లకు విలువ ఎక్కువ.

11. తరగతి బయటే అయినా లైసెన్సు అడిగే పనులు

బడి బయటి పని కాబట్టి బీఈడీ అక్కర్లేదనుకోవడం పొరపాటు. ఏపీపీఎస్సీ నింపే ఉప విద్యాశాఖాధికారి పోస్టుకు పీజీతో పాటు బీఈడీ కూడా అడుగుతారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పనిచేసే స్పెషల్ ఎడ్యుకేటర్‌కు భారత పునరావాస మండలిలో నమోదు తప్పనిసరి. దానికి ఆధారం 1992 నాటి చట్టం. మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ మన సికింద్రాబాద్‌లోనే ఉంది.

కాబట్టి చేరాలనుకునేవాళ్లకు ఓ మాట. కోర్సు బ్రోషరు చదివే ముందు, మీరు చేయాలనుకున్న ఉద్యోగపు ప్రకటనలు నాలుగు తెచ్చుకుని అర్హతల పేరా చదవండి. అక్కడ బీఈడీ అని ఉంటే బీఈడీ చేయండి. లేకపోతే ఎంఏ ఎడ్యుకేషన్‌కు తోడుగా గణాంకాలో, రచనో, వీడియో తయారీయో ఏదో ఒక చేతిపని నేర్చుకోండి. రెంటికీ పనికొస్తుందిలే అన్న భరోసాతో మాత్రం ఏ కోర్సులోనూ చేరకండి.