కారు ప్రయాణములో పసివారి రక్షణ

పసిబిడ్డకు తల్లి ఒడిని మించిన రక్షణ లేదని మనము తరతరములుగా నమ్ముచున్నాము. ఇంటిలోను, ఎడ్లబండిలోను ఆ నమ్మకము మనలను మోసగింపలేదు. కాని నిమిషమునకు కిలోమీటరు చొప్పున పరుగెత్తు కారులో ఆ ఒడి బలమెంత? తిరుపతికో, పెండ్లికో కుటుంబమంతయు కారెక్కి బయలుదేరునపుడు ఈ ప్రశ్నను మనము వేసికొనుట లేదు.

కొంచెము లెక్క చూతము. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవు కారు దేనికైనను ఢీకొన్నచో, సుమారు సెకనులో పదవ వంతు కాలములో నిలిచిపోవును. కారు నిలిచినను లోపలివారు నిలువరు. అదే వేగముతో ముందునకు పోవుదురు. ఆ క్షణమున 10 కిలోల బిడ్డను పట్టి నిలుపుటకు దాదాపు 140 కిలోల బరువు నెత్తునంత బలము కావలెను. ఎంతటి ప్రేమగల చేతులకైనను అది అసాధ్యము. ఆ వేగముతో ఢీకొనుట 30 అడుగులకు పైబడిన ఎత్తునుండి నేలపై పడుటతో సమానము. పిట్టగోడ లేని మేడపై బిడ్డను ఒక్క క్షణమైనను విడువని మనము, కారులో మాత్రము ఏ కట్టును లేక కూర్చుండబెట్టుచున్నాము.

తన బెల్టులోనే బిడ్డను కూడ చేర్చి కట్టుకొనుట కొందరు తల్లుల ఉపాయము. ఇది మరింత అపాయకరము. తల్లి బరువంతయు మీదపడగా, ఆమెకును బెల్టుకును నడుమ బిడ్డ నలిగిపోవును. ముందు సీటున కూర్చుండుటయు మంచిది కాదు. ఎయిర్‌బ్యాగు అను గాలిసంచి సెకనులో ఇరువదవ వంతు కాలములో ఉబ్బును. పెద్దవారిని కాపాడు ఆ విసురే పసివారి మెడకు ప్రాణాంతకము కావచ్చును. పిల్లల స్థానము వెనుక సీటే.

1959లో స్వీడను దేశమున నీల్స్ బోలిన్ అను ఇంజనీరు, భుజమును నడుమును కలిపి పట్టు బెల్టును వోల్వో సంస్థకై రూపొందించెను. అది పెద్దల దేహమునకు తగినది. పసివారి మాటేమి? పుట్టిన శిశువు పొడవులో తలయే నాల్గవ వంతు. మెడ ఎముకలు ఇంకను గట్టిపడలేదు. ఆ దేశమువాడే యైన బెర్టిల్ ఆల్డ్‌మన్ అను ఆచార్యుడు, వీపుపై ఒత్తిడిని భరించుచు పయనించు రోదసియాత్రికుల ఆసనములను చూచి, 1960 దశకములో వెనుకకు తిరిగియుండు పిల్లల సీటును రూపొందించెను. ఢీకొన్నపుడు ఆ తాకిడి మెడపై గాక వీపంతటిపై పరచుకొనును.

కనుక సీటుపై వ్రాసిన ఎత్తు బరువుల పరిమితి దాటువరకు శిశువును వెనుకకు తిరిగిన సీటునందే ఉంచవలెను. పిమ్మట పట్టీలుగల ముందుచూపు సీటు. ఆపై, సుమారు నాలుగున్నర అడుగుల ఎత్తు వచ్చువరకు, బెల్టు మెడకును పొట్టకును గాక భుజమునకును తుంటికిని సరిపడునట్లు ఎత్తు పీట. భుజముపై పట్టీని వ్రేళ్లతో మడతగా పట్టుకొన వీలైనచో అది వదులుగా నున్నదని తెలియవలెను.

2019లో సవరించిన మోటారు వాహనముల చట్టపు 194-బి విభాగము ప్రకారము, 14 ఏండ్లలోపు పిల్లలకు బెల్టుగాని, తగిన సీటుగాని లేనిచో వేయి రూపాయల జరిమానా. సీటు ఖరీదైనదని వెనుకాడువారు గలరు. పిల్లవాడు ఎదిగిన పిమ్మట అది బంధువుల బిడ్డకు ఉపయోగింపవచ్చును. అయితే ప్రమాదమునకు గురియైన సీటును మరల వాడరాదు.

నిలిచియున్న కారు సయితము నమ్మదగినది కాదు. ఎండలో మూసియుంచిన కారులో పది నిమిషములకే వేడి సుమారు 11 డిగ్రీలు పెరుగును. పసివారి దేహము పెద్దలకంటె మూడు నుండి ఐదు రెట్లు త్వరగా వేడెక్కును. 2025 మే నెలలో విజయనగరము సమీపమున ద్వారపూడిలో, ఆడుకొనుచు కారెక్కి చిక్కుకొన్న నలుగురు పిల్లలు ప్రాణములు కోల్పోయిరి. కారు దిగిన వెంటనే వెనుక సీటు చూచుట, తలుపులు తాళము వేయుట, తాళపుచెవి పిల్లల కందకుండ ఉంచుట ప్రతి గృహమునను నియమము కావలెను.

మొదటి దినములలో బిడ్డ సీటున కూర్చుండనని మారాము చేయును. అవ్వ ఒడిలోకి రమ్మని చేతులు చాచును. ఆ ఏడుపునకు, ఆ పిలుపునకు లొంగకుండుట కష్టమే. కాని బిడ్డ భద్రముగా కూర్చుండినదాక కారు కదలరాదని ఇంటి పెద్దలందరు ఒక్కమాటపై నిలిచిన, పిల్లలు త్వరలోనే అలవాటు పడుదురు.